పాత లెట్రిన్‌కీ స్నానాల గదికీ మధ్య గోడ కొట్టేయాలా, ఉంచాలా? (ఆరుగురికి ఒకటే బాత్‌రూమ్)

పెరటి_మందారం
అందరికీ నమస్కారం. మాది కాకినాడలో పాత డాబా ఇల్లు, మావయ్యగారు 1992లో కట్టించారు. వెనక వసారా చివర పక్కపక్కనే రెండు చిన్న గదులు. ఒకటి 5×5 అడుగుల స్నానాల గది, రెండోది 3×5 లెట్రిన్. మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ. రెండింటి తలుపులూ వసారాలోకే. ఇంట్లో ఉన్నది ఈ ఒక్క సెట్టే, వాడేది ఆరుగురం: అత్తయ్యగారు, మావయ్యగారు, మేమిద్దరం, ఎనిమిదో తరగతి అమ్మాయి, రెండో తరగతి బాబు.

అత్తయ్యగారికి రెండు మోకాళ్లూ మార్చారు. కింద కూర్చోవద్దన్నారు కాబట్టి ఇప్పుడు ఇండియన్ బేసిన్ మీద మధ్యలో కన్నం ఉన్న స్టీలు కుర్చీ వేసి నెట్టుకొస్తున్నాం. ఆ కుర్చీ కదిలినప్పుడల్లా నాకు టెన్షన్.

మావారి ప్లాన్: మధ్య గోడ కొట్టేసి 8×5 ఒకే గది చేసేసి, వెస్టర్న్ కమోడ్, గాజు అద్దాల షవర్, పెద్ద వాష్‌బేసిన్, అన్నీ అందులోనే. నాకేమో పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది వరకు ఏం జరుగుతుందో కళ్లకు కడుతోంది. ఒకరు తలుపేసుకుంటే మిగతా అయిదుగురం వసారాలో క్యూ. మావయ్యగారేమో వెస్టర్న్ ఎక్కనని ముందే చెప్పేశారు. ఏం చేయమంటారు?

టైల్స్_పిచ్చి
గోడ కొట్టేయండి, ఆలోచించకండి. ఈ రోజుల్లో 3×5 లెట్రిన్ ఎవరు ఉంచుతున్నారండీ? ఒకే గది అయితే వెలుతురు వస్తుంది, చూడ్డానికి హోటల్ రూమ్‌లా ఉంటుంది. గోడలకు 2 అడుగులు × 1 అడుగు టైల్స్, లేత బూడిద రంగు. గాజు పార్టిషన్ తప్పకుండా పెట్టించండి.

బెజవాడ_బాబాయ్
హోటల్ రూమ్‌లో ఇద్దరుంటారు నాయనా, పదింటికి లేస్తారు. ఈ అమ్మాయి ఇంట్లో ఆరుగురు, అందరికీ ఒకటే టైము. మన పెద్దవాళ్లు రెండూ విడివిడిగా కట్టింది డబ్బులు లేక కాదు. ఒకళ్లు నీళ్లు పోసుకుంటుంటే ఇంకొకళ్లు పని చూసుకోవచ్చు. నా ఓటు గోడకే. లెట్రిన్‌లో ఇండియన్ తీసేసి కమోడ్ పెట్టించమ్మా, సరిపోతుంది.

పెరటి_మందారం
బాబాయ్ గారూ, నేనూ అదే అనుకున్నా. కానీ అత్తయ్యగారు వాకర్‌తో వెళ్తారు. 3 అడుగుల గదిలో వాకర్‌తో వెనక్కి తిరగడం అవుతుందా అని.

మోకాళ్ల_డాక్టరమ్మ
(పేరు చూసి మందులు అడగకండి, నేను ఫిజియోని.)
తిరగడం కష్టమే. అంతకంటే ముఖ్యం, పక్కన సాయంగా ఒక మనిషి నిలబడే చోటు ఉండాలి. ఇప్పుడు ఆవిడ ఒక్కరే వెళ్తున్నా, జ్వరం వచ్చిన రోజు ఎవరో ఒకరు పట్టుకుని కూర్చోబెట్టాలి కదా. 3 అడుగుల గదిలో ప్లాస్టరింగ్, టైలు పోగా దొరికేది 34 అంగుళాలు. మధ్యలో కమోడ్ పెడితే దాని నడిమధ్య నుంచి రెండు వైపులా గోడకు 17 అంగుళాల దూరం వస్తుంది. కూర్చునే మనిషికి అది చాలు, ఆమెను పట్టుకునే మనిషికి చాలదు. కాబట్టి గోడ మొత్తంగా కాకపోయినా కొంత తీయాల్సిందే అనిపిస్తోంది.

రెండు ప్రశ్నలు. వాకర్ వెడల్పు ఎంత? టేపుతో కొలిచి చెప్పండి, ‘మామూలు సైజు’ అనొద్దు. తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?

పెరటి_మందారం
వాకర్ కాళ్ల దగ్గర 24 అంగుళాలు. తలుపులు రెండూ లోపలికే తెరుచుకుంటాయి.

మోకాళ్ల_డాక్టరమ్మ
అయితే ఏ ప్లాన్ వేసినా మొదట తలుపు బయటికి తిప్పండి. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకి ఆ ఒళ్లే అడ్డం పడుతుంది, బయటి నుంచి నెట్టలేం. గడియ కూడా బయటి నుంచి నాణెంతో తిప్పి తీసే రకం దొరుకుతుంది, అది వేయించండి.

ఓరుగల్లు_సివిల్
గోడ కొట్టాలా వద్దా అని ఓట్లు వేసే ముందు ఒక మాట చెప్పండి మేడం. ఆ రెండు గదుల మీద శ్లాబ్ ఉందా, రేకులా? శ్లాబ్ అయితే పైన ఏముంది?

పెరటి_మందారం
శ్లాబే. పైన నీళ్ల ట్యాంక్ ఉంది, నల్లటి ప్లాస్టిక్‌ది, వెయ్యి లీటర్లు.

ఓరుగల్లు_సివిల్
అనుకున్నా. పాత ఇళ్లలో ట్యాంక్ ఎప్పుడూ బాత్‌రూమ్ నెత్తిమీదే ఉంటుంది, పైపు ఖర్చు కలిసొస్తుందని. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. ఆ శ్లాబ్ కడ్డీలు 5 అడుగుల అడ్డానికి, అంటే పొడవాటి గోడల మీద ఆనేలా వేసుంటే మధ్య గోడ మీద పెద్ద భారం లేనట్టే. మధ్య గోడను ఆసరాగా పెట్టుకుని పొడవునా వేసుంటే మాత్రం, గోడ తీసిన రోజు నుంచీ శ్లాబ్ వంగడం మొదలవుతుంది. కింద నిలబడి చూస్తే ఇది తెలియదు. మీ ఊళ్లో స్ట్రక్చర్ తెలిసిన ఇంజనీర్ ఒకరిని పిలిచి చూపించండి. ‘ఏం కాదమ్మా, ఇలాంటివి ఎన్ని కొట్టాం’ అని మేస్త్రీ చెప్తే వినొద్దు. ఆయన కొట్టిన గోడ ముక్కలు ఎత్తుకుని వెళ్లిపోతాడు, ఆ శ్లాబ్ కింద స్నానం చేసేది మీరు.

ఇంకోటి. 30 ఏళ్ల శ్లాబ్, అదీ కాకినాడ సముద్రపు గాలికి. అడుగున పెచ్చులు ఊడుతున్నాయా, తుప్పు మరకలున్నాయా చూడండి.

టైల్స్_పిచ్చి
నేను టైల్స్ గురించే చెప్పానండీ, శ్లాబ్ గురించి చెప్పలేదు 🙂

పైపులు_రెంచి
ట్యాంక్ మాట వచ్చింది కాబట్టి. పెరటి_మందారం గారూ, ఇప్పుడు మీ షవర్‌లో నీళ్లు ఎలా వస్తున్నాయి?

పెరటి_మందారం
షవరా? కారుతుంది. అందుకే అందరం బకెట్, చెంబే.

పైపులు_రెంచి
వస్తే ఆశ్చర్యపోవాలి. నీళ్ల ఒత్తిడి ఎత్తును బట్టే. 10 మీటర్ల ఎత్తుకి ఒక బార్. మీ ట్యాంక్‌లో నీటి మట్టానికీ షవర్‌కీ మధ్య 4 అడుగులు కూడా ఉండదు, అంటే బార్‌లో ఎనిమిదో వంతు. ఈ ఒత్తిడికి మీవారు అడిగే పెద్ద రెయిన్ షవర్ ఎంత ఖరీదుది కొన్నా చుక్కలే.

కాబట్టి ట్యాంక్‌ని అక్కడి నుంచి తీసి, ఇంటి అసలు గోడలు కలిసే చోట మేడ మీద దిమ్మె కట్టించి ఎత్తున పెట్టించండి. సివిల్ గారు చెప్పిన బరువు బెంగ తీరుతుంది, షవర్ బెంగ కూడా సగం తీరుతుంది. మిగతా సగానికి చిన్న ప్రెషర్ పంపు.

డాలస్_చిన్నోడు
గాజు పార్టిషన్ గురించి నా అనుభవం. ఇక్కడ అమెరికాలో మా ఇంట్లో టబ్‌కి తప్ప బాత్‌రూమ్ నేలకి నీళ్లు పోయే దారే లేదు. మా అమ్మ వచ్చిన కొత్తలో కమోడ్ పక్కన బకెట్ పెట్టుకుని శుభ్రంగా తలంటు పోసుకుంది. నీళ్లు కింది అంతస్తు హాల్లో సీలింగ్ నుంచి కారాయి. అప్పటి నుంచి నాకు మన నేల వాటం, మన జాలీ అంటే గౌరవం పెరిగింది. వాళ్లని చూసి డ్రై బాత్‌రూమ్ (నేల తడవనిది) అని మనం కాపీ కొట్టేటప్పుడు, మన స్నానం బకెట్‌తో అని గుర్తుంచుకోవాలి.

బెజవాడ_బాబాయ్
పైగా బోరు నీళ్లకి గాజు ఎన్నాళ్లు గాజులా ఉంటుంది? తెల్లగా ఉప్పు చారలు కట్టేస్తుంది. రోజూ తుడిచేది ఎవరు? షవర్ కావాలన్న మగమహారాజు మాత్రం తుడవడు.

పెరటి_మందారం
😀 బాబాయ్ గారూ, ఈ పోస్టు మావారికి చూపించాను.

ఓరుగల్లు_సివిల్
ఇప్పుడు లేఅవుట్‌కి వద్దాం. మొత్తం కొట్టడం, మొత్తం ఉంచడం, ఈ రెండింటికీ మధ్యలో ఇంకో దారి ఉంది. 5 అడుగుల గోడలో వెనక వైపు 2 అడుగులు అలాగే ఉంచండి. వసారా వైపు 3 అడుగులు మాత్రం 7 అడుగుల ఎత్తు దాకా తీసి, పైన లింటెల్ (ఆ ఖాళీ మీద బరువు మోసే అడ్డ దూలం) వేయించండి. ట్యాంక్ మార్చినా సరే, ఇంజనీర్ చూశాకే, శ్లాబ్ కింద ఆసరాగా గుంజలు పెట్టాకే గోడ మీద దెబ్బ పడాలి.

కమోడ్ లెట్రిన్ వైపు వెనక గోడకి, ముఖం వసారా వైపు. గోడ నుంచి అది 27, 28 అంగుళాలు ముందుకు వస్తుంది. ముందు ఇంకో 30 అంగుళాలు మిగులుతుంది. పక్కన గోడ తీసిన 3 అడుగుల ఖాళీలో సాయం చేసే మనిషి నిలబడొచ్చు, డాక్టరమ్మ గారు అడిగిన చోటు అదే. మిగిలిన 2 అడుగుల గోడముక్క స్నానం నీళ్లు కమోడ్ మీద పడకుండా ఆపుతుంది. గాజు చేసే పనే, తుడవక్కర్లేదు. పట్టుకునే రాడ్ కూడా దానికే బిగించొచ్చు.

కలిపి కట్టిన బాత్‌రూమ్, టాయిలెట్‌కి 2016 నాటి జాతీయ భవన నియమావళి అడిగేది కనీసం 2.8 చదరపు మీటర్లు, అంటే 30 చదరపు అడుగులు. మీకు 40 దగ్గర ఉంది. చోటుకి కరువు లేదు, సర్దుకోవడమే.

మోకాళ్ల_డాక్టరమ్మ
ఇది బాగుంది. కానీ మేడం వాళ్లు ఏ తలుపు ఉంచుతున్నారు? స్నానాల గది తలుపు ఉంచి లెట్రిన్ తలుపు మూసేస్తే, ఆవిడ కమోడ్ దగ్గరికి వెళ్లడానికి ప్రతిసారీ తడి నేల దాటాలి. పిల్లలు స్నానం చేసి వెళ్లిన అయిదు నిమిషాలకే ఆవిడ లోపలికి వెళ్తే? లెట్రిన్ తలుపే ఉంచండి, స్నానాల గది తలుపు మూయించండి. లోపలికి రాగానే పొడి నేల, ఎదురుగా కమోడ్, పక్కకు తిరిగితే స్నానం.

పెరటి_మందారం
అబ్బ, ఇది నాకు తట్టలేదు. మేము పెద్ద తలుపు కదా అని స్నానాల గదిదే ఉంచుదామనుకున్నాం. లెట్రిన్ తలుపు 2 అడుగులే.

ఓరుగల్లు_సివిల్
ఆ తలుపు వెడల్పు చేయించండి. గది 34 అంగుళాల వెడల్పులో చెక్క గుమ్మం పెడితే దారి ఇరుకవుతుంది. సన్న గ్రానైట్ చట్రం పెట్టి, 30 అంగుళాలు ఖాళీ దారి వచ్చేలా చూడండి. 24 అంగుళాల వాకర్, పట్టుకున్న చేతులతో సహా వెళ్తుంది. తలుపు డబ్ల్యూపీసీది (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది), అడుగున ఉబ్బదు. గడప వద్దు. లోపలి నేల వసారా కంటే అర అంగుళం దిగితే చాలు, దాన్ని కూడా ఏటవాలుగా చెక్కించండి.

మూసేసిన స్నానాల గది తలుపు చోట, వసారా వైపు వాష్‌బేసిన్ పెట్టండి. వెనకే స్నానాల గది కాబట్టి నీళ్ల పైపు, మురుగు పైపు రెండూ దగ్గరే. పళ్లు తోముకునే వాళ్లు, గడ్డం గీసుకునే వాళ్లు, జడ వేసుకునే అమ్మాయి, ఈ ముగ్గురూ బాత్‌రూమ్ క్యూలోంచి బయటికొచ్చేస్తారు.

అద్దె_ఇల్లు
వాష్‌బేసిన్ బయటికి తేవడం ఒక్కటే మా ఇంట్లో పొద్దుటి గొడవలు తగ్గించింది. అద్దం మాత్రం పెద్దది పెట్టించండి.

పెరటి_మందారం
అద్దం నోట్ చేసుకున్నా. అసలు సమస్య ఇంకా ఉంది. అత్తయ్యగారు స్నానానికి వెళ్తే అరగంట. అప్పుడు కమోడ్ ఎవరికీ లేనట్టే కదా? మావయ్యగారి ఇండియన్ సంగతి కూడా తేలలేదు.

బెజవాడ_బాబాయ్
మేడ మెట్లు ఇంటి బయట ఉన్నాయా?

పెరటి_మందారం
ఉన్నాయి, పెరట్లోనే. మలుపు లేకుండా నేరుగా ఎక్కుతాయి. కింద కొబ్బరి డొక్కలు, పాత సైకిలు, మావారి కాలేజీ పుస్తకాలు.

బెజవాడ_బాబాయ్
ఖాళీ చేయించు. మెట్ల కింద ఇండియన్ టాయిలెట్ కట్టించు. మన వైపు సగం ఇళ్లల్లో ఉండేదే అది. మీ మావయ్యగారి పంతం నెగ్గుతుంది, పొద్దున పూట రెండో దారీ దొరుకుతుంది. పనివాళ్లొచ్చినా, పెరట్లో చుట్టాలు కూర్చున్నా అదే దిక్కు.

ఓరుగల్లు_సివిల్
బాబాయ్ గారి మాటే సరైనది. ఎత్తు కొలుచుకోండి. 6 అంగుళాల మెట్టు, 10 అంగుళాల అడుగు, 10 అడుగుల మేడ అనుకుంటే, పై చివర కింద 9 అడుగులు ఉంటుంది, అక్కడి నుంచి 4 అడుగులు లోపలికి వచ్చేసరికి ఆరున్నరకి దిగుతుంది. అంతకంటే లోపలికి వెళ్లొద్దు, లేచేటప్పుడు తల కొట్టుకుంటుంది. ఎత్తున్న చివర తలుపు, తక్కువ ఎత్తు వైపు బేసిన్. 3 అడుగుల మెట్ల వెడల్పు సరిపోతుంది. మెట్ల అడుగున వెంటిలేటర్ మర్చిపోవద్దు.

వాస్తు అడుగుతారని తెలుసు, అది నా శాఖ కాదు.

బెజవాడ_బాబాయ్
ఈశాన్యంలో మెట్లు ఉండవులే, కట్టినప్పుడే చూసుకుని ఉంటారు.

పెరటి_మందారం
మెట్లు నైరుతిలో. మావయ్యగారు మా పురోహితుణ్ణి అడిగారట, ‘సెప్టిక్ ట్యాంక్ ఎక్కడుందో అదే చూసుకోండి’ అన్నారట. ఆయన ప్లంబర్‌లా మాట్లాడారని ఇంట్లో నవ్వుకున్నాం.

పైపులు_రెంచి
పురోహితుడు గారు కరెక్ట్. సెప్టిక్ ట్యాంక్ మూత మీద గానీ, ఛాంబర్ (మురుగు పైపులు కలిసే గుంత) మూత మీద గానీ ఏదీ కట్టొద్దు. రేపు లారీ వచ్చి తోడాలంటే మూత తెరవాలి.

పాత లెట్రిన్ సంగతి. బేసిన్ కింద ఆ మెట్టు ఎత్తు ఎందుకు కట్టారంటే ట్రాప్ (వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపు గొట్టం) పట్టడానికి. మెట్టు పగలగొట్టి నేల సమానం చేశాక, పైపు నోరు ఏ లోతులో ఉందో చూశాకే కమోడ్ కొనండి. నేలలోకి దిగే ఎస్-ట్రాప్‌కీ గోడలోకి పోయే పీ-ట్రాప్‌కీ తేడా ఉంది. ఎస్-ట్రాప్ అయితే టైల్ వేసిన గోడ నుంచి కన్నం మధ్యకి ఎంతో కొలవాలి. 9 అంగుళాలవీ 12 అంగుళాలవీ దొరుకుతాయి. ముందే డిస్కౌంట్‌లో కొనేసి, తర్వాత నన్ను పిలిచి ‘ఎలాగోలా కూర్చోబెట్టు’ అంటారు. కూర్చోదు. ఛాంబర్ ఎంత దూరం?

పెరటి_మందారం
సుమారు 10 అడుగులు. పైపులు మట్టిరంగువి, సిమెంట్ అతుకులు.

పైపులు_రెంచి
స్టోన్‌వేర్ పైపులు. ఎలాగూ తవ్వుతున్నారు కాబట్టి పూర్తిగా తీసేసి 110 మి.మీ. పీవీసీ వేయించండి. 40 అడుగులకి ఒక అడుగు వాటం, అంటే మీ 10 అడుగులకి 3 అంగుళాలు దిగాలి. స్నానం నీళ్లకి వేరే లైను, దానికి నహానీ ట్రాప్ (స్నానం నీళ్లు పోయే నేల ట్రాప్) విప్పి కడిగే రకం. కుంకుడుకాయ తలంటు ఉన్న ఇల్లయితే పిప్పీ జుట్టూ కలిసి అందులో గడ్డ కడతాయి. పైన జాలీ తీసి చేయి పెట్టగలగాలి. ట్రాప్ వెనక మూలకి పెట్టండి, నడిచే దారిలో వద్దు.

టైల్స్_పిచ్చి
నన్ను మర్చిపోయారు. నేలకి పెద్ద టైల్స్ వద్దు, 1 అడుగు × 1 అడుగు మ్యాట్, యాంటీ స్కిడ్. చిన్న టైలుకైతే వాటం ట్రాప్ వైపు నాలుగు పక్కల నుంచీ తేవచ్చు, పెద్దదైతే ముక్కలు కోయాలి. స్నానం వైపు అడుగుకి పావు అంగుళం వాటం. షాపులో టైలు మీద నీళ్లు, కాస్త కొబ్బరినూనె పోసి వేలితో రుద్ది చూడండి. సంక్రాంతికి నలుగు పెట్టుకునే నేల అది. సందులకి ఎపాక్సీ వేయించండి, సిమెంట్ గ్రౌట్ ఏడాదిలో నల్లబడుతుంది.

టైల్స్ వేసే ముందు వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు, స్నానం వైపు గోడకి షవర్ ఎత్తు దాకా. ట్రాప్‌కి గుడ్డ బిగించి 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూడండి. తొందరలో అందరూ ఎగ్గొట్టేది ఇదే.

మోకాళ్ల_డాక్టరమ్మ
రాడ్ల ఎత్తు అంకెల్లో అడగకండి. అత్తయ్యగారిని కమోడ్ ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, లేవడానికి చేయి ఎక్కడ ఆనిస్తున్నారో గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆవిడ ఒంటికి తగ్గదే కొలత. కమోడ్ కూడా మామూలు 15, 16 అంగుళాలది కాకుండా 17 నుంచి 19 మధ్యది చూడండి. బాబుకి చిన్న పీట వేస్తే సరి. స్నానానికి నాలుగు కాళ్లకీ రబ్బరు బూట్లున్న కుర్చీ, చేత్తో పట్టుకునే షవర్. తువ్వాలు రాడ్డు పట్టుకుని లేచే అలవాటు చేయొద్దు, ఊడి చేతికొస్తుంది. వాక్యూమ్‌తో అతుక్కునే రబ్బరు పిడులు అసలే వద్దు.

ఓరుగల్లు_సివిల్
ఆ గోడముక్క నాలుగున్నర అంగుళాలదే కాబట్టి రాడ్‌కి బోల్టు ఈ వైపు నుంచి ఆ వైపుకి పోనిచ్చి వెనక స్టీలు ప్లేటు వేయించండి, టైల్స్ వేయకముందే. స్టీలు 304 గ్రేడ్‌కి తగ్గొద్దు, మీది సముద్రం ఊరు.

డాలస్_చిన్నోడు
వేడి నీళ్లకి గ్యాస్ గీజర్ చవక కదా? మా అన్నయ్య వాళ్లు వాడుతున్నారు.

పైపులు_రెంచి
బాత్‌రూమ్ లోపల వద్దే వద్దు. తలుపేసిన చిన్న గదిలో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, వాసన ఉండదు, మనిషి కూలిపోయేదాకా తెలియదు. మీ అన్నయ్యగారిది లోపల ఉంటే ఇవాళే చెప్పి బయటి గోడకి మార్పించండి. మందారం గారింటికి 25 లీటర్ల కరెంటు గీజర్, 16 ఆంపియర్ల ప్లగ్గు, స్విచ్ వసారాలో. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. 1992 వైరింగ్‌లో ఉండదు.

పెరటి_మందారం
ఇంజనీర్ గారు వచ్చి చూశారు. శ్లాబ్ అడుగున ఒక చోట పెచ్చు లేచింది, కడ్డీ కాస్త తుప్పు. ట్యాంక్ తీసేయాల్సిందే అన్నారు, గోడ 3 అడుగులు తీసి లింటెల్ వేయడానికి ఒప్పుకున్నారు. మావారు గాజు మానేశారు, రెయిన్ షవర్ మాత్రం మానలేదు.

ఇప్పుడు చిక్కు ఒక్కటే. పని జరిగినన్నాళ్లు ఆరుగురం ఎక్కడికి పోవాలి? మేస్త్రీ మూడు వారాలంటున్నాడు, అంటే నెల.

పైపులు_రెంచి
అందుకే వరస మార్చకండి. ముందు ట్యాంక్ మేడ మీదికి. తర్వాత మెట్ల కింద టాయిలెట్ పూర్తి చేసి, తలుపు, లైటు బిగించి వాడుకలోకి తెచ్చాకే పాత గది మీద సుత్తి పడాలి. ఆ నెల అత్తయ్యగారి స్టీలు కుర్చీ మెట్ల కింద బేసిన్ మీద పడుతుందో లేదో ఇప్పుడే కొలవండి. కుర్చీ కాళ్ల మధ్య దూరం చూసి బేసిన్ పక్కన నేల సమానంగా ఉంచమని మేస్త్రీకి చెప్పాలి. స్నానాలకి పెరట్లో కొళాయి పక్కన నాలుగు కర్రలు పాతి టార్పాలిన్.

పెరటి_మందారం
కుర్చీ కాళ్ల మధ్య 19 అంగుళాలు, పడుతుంది. మావయ్యగారు మెట్ల కింద సామాను తీయడం మొదలుపెట్టేశారు. మావారి కాలేజీ పుస్తకాలు ఎక్కడ పెట్టాలన్నదే ఇంకా తేలలేదు, దానికి ఇక్కడ ఎవరూ సలహా ఇవ్వక్కర్లేదు.

బెజవాడ_బాబాయ్
పాత పేపర్ల వాడు.